పదో తరగతి పుస్తకంలోని 5.5 ఒకటో తరగతికి రావాలి

ఉమ్మడి వరంగల్ జిల్లా ప్రభుత్వ బడుల హెడ్మాస్టర్లకు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో ఉన్న తల్లులకు నమస్కారాలు.

నేను హన్మకొండలో ఉంటాను. మన బడుల్లోనే 29 ఏళ్లు సైన్స్ చెప్పి రిటైరయ్యాను. నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్ల రిపేర్లు, మధ్యాహ్న భోజనం బియ్యం లెక్కలు, మీ నెత్తిన ఎన్ని పనులున్నాయో నాకు తెలుసు. వాటి మీద ఇంకొకటి మోపుతున్నానని తెలిసే రాస్తున్నాను. మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లల చేత నోరు పుక్కిలింపించి, వాళ్ల పండ్లు పుచ్చకుండా చూసే పని ఇది. పైసా ఖర్చు లేని పని, రోజుకు రెండు నిమిషాల పని. అయితే ఎందుకు చేస్తున్నామో తెలియని పని మూడో రోజుకే ఆగిపోతుంది. అందుకే కారణం కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

నేను రిటైరయ్యే ఏడాది పదో తరగతి ప్రీఫైనల్ పరీక్షలు జరుగుతున్నాయి. కిటికీ పక్క బెంచీలో ఒక అమ్మాయి ఎడమ చేత్తో దవడ పట్టుకుని కుడి చేత్తో రాస్తోంది. మధ్యమధ్యలో చున్నీ కొసను సీసాలోని నీళ్లతో తడిపి చెంపకు ఒత్తుకుంటోంది. చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. దగ్గరకు వెళ్లి వంగి చూశాను. నోట్లో పీహెచ్ (పులుపును కొలిచే అంకె, అది తగ్గితే పులుపు పెరిగినట్టు) ఎంతకన్నా తగ్గితే దంతక్షయం, అంటే పన్ను పుచ్చడం, మొదలవుతుంది అన్న ప్రశ్నకు జవాబు రాస్తోంది. 5.5 అని రాసి, కింద స్కేలు పెట్టి గీత కూడా గీసింది. ఆ జవాబుకు నేనే పూర్తి మార్కు వేశాను. ఆ వారంలోనే ఆ పన్ను పీకించారు.

తర్వాత వాళ్లమ్మ బడికి వస్తే, ఇంత ముదిరేదాకా ఎందుకాగారమ్మా అని అడిగాను. "చిన్నప్పుడే నల్లగైంది సార్. పాల పన్నే కదా, ఊడిపోయి కొత్తది వస్తది అనుకున్నం" అంది. ఆమె తప్పేం లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె బిడ్డకు పాఠం చెప్పిన నేనూ చెప్పలేదు.

అది పాల పన్ను కాదు. పిల్లలకు ఆరేళ్ల వయసులో, పాల పండ్ల వరుసకు వెనకాల, కింద రెండు, పైన రెండు దవడ పండ్లు వస్తాయి. వాటి కోసం ఏ పన్నూ ఊడదు. ఖాళీగా ఉన్న చిగురులోంచి చప్పుడు లేకుండా మొలుస్తాయి. అందుకే ఇంట్లో ఎవరూ గమనించరు, గమనించినా పాల పన్నే అనుకుంటారు. నిజానికి అవి నూరేళ్లూ ఉండాల్సిన పండ్లు. నమలడమంతా వాటి మీదే. వచ్చిన కొత్తలో పైన లోతైన గాడులుంటాయి, గట్టిదనం ఇంకా పూర్తిగా రాదు, బ్రష్ అంత వెనక్కు పోదు. అంటే బిడ్డ ఒకటో తరగతిలో చేరిన ఏడే, నోట్లో అన్నిటికన్నా విలువైన పన్ను అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదంలో పడుతుంది. దాన్ని కాపాడే అంకెను మనం పదో తరగతిలో ఒక మార్కు ప్రశ్నగా చెప్తున్నాం. తొమ్మిదేళ్లు ఆలస్యంగా.

పన్ను పుచ్చితే మన ఊళ్లలో పురుగు తొలిచింది అంటారు. పొగబెట్టి పంటి పురుగు తీస్తామని వచ్చేవాళ్లను నేనూ చిన్నప్పుడు చూశాను. కళ్లకు కనబడే పురుగేదీ పంటిలో ఉండదు. పంటిని కరిగించేది ఆమ్లం. పులుపు అనుకోండి. ఈ సంగతి మనకు బాగా తెలిసినదే. చింతకాయ నమిలినా, ఉప్పూ కారం అద్దుకుని పచ్చి మామిడికాయ తిన్నా "పండ్లు పులిసినయ్" అంటాం. పండ్లు ఒకదానికొకటి తగిలితే గరుగ్గా ఉంటాయి, చల్లనీళ్లు తాగితే జివ్వుమంటాయి. పంటి పైపొర, అంటే ఎనామిల్, ఆ కాసేపటికి మెత్తబడిందన్నమాట. కొంచెం సేపటికి ఉమ్మి దాన్ని సర్దుకుంటుంది. సర్దుకునే లోపే మళ్లీ పులుపు తగిలితే, మళ్లీ మళ్లీ తగిలితే, ఎనామిల్ కరగడమే గానీ కూడుకోవడం ఉండదు.

తిన్నది పుల్లగా లేకపోయినా నోట్లో పులుపు పుడుతుంది. తల్లులు ఇక్కడ కొంచెం ఆగి చదవండి. కల్లు సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు. పొద్దున్నే చెట్టు మీంచి దించిన తియ్యటి నీరా పీహెచ్ 7 దగ్గర ఉంటుంది, అంటే పులుపు లేనట్టే. ఎండెక్కేకొద్దీ అది పులిసి 4 దాకా దిగుతుంది. లొట్టిలో ఉన్న సూక్ష్మజీవులు తీపిని తిని ఆమ్లం వదిలినందుకే ఆ మార్పు. మన పండ్ల మీద పట్టే పాచి కూడా అలాంటి లొట్టే. అందులో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే బ్యాక్టీరియా, దాని తోటివి కోట్ల కొద్దీ కాపురముంటాయి. చాక్లెట్టో, బిస్కెట్టో, చక్కెర చాయో తగలగానే ఆ తీపిని తిని ఆమ్లం వదులుతాయి. కల్లుకు గంటలు పడుతుంది, పాచికి రెండు మూడు నిమిషాలు చాలు.

పీహెచ్ అంటే పులుపును కొలిచే కొలబద్ద. 1909లో సోరెన్సెన్ అనే డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త దీన్ని తయారుచేశాడు. 0 నుంచి 14 దాకా ఉంటుంది, 7 అంటే మంచినీళ్లలా అటూ ఇటూ కానిది, అంతకంటే తగ్గేకొద్దీ పులుపు. ఒక్కో మెట్టు దిగితే పులుపు పది రెట్లు పెరుగుతుంది. 7 నుంచి 5కు దిగిందంటే రెండు మెట్లే కదా అనిపిస్తుంది, కానీ ఆమ్లం నూరు రెట్లు పెరిగినట్టు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఉమ్మి 6.2 నుంచి 7.6 మధ్యలో ఉంటుంది. పాలు 6.6 దగ్గర, పెరుగు 4.5 దగ్గర, కూల్‌డ్రింక్ 2.5 దగ్గర. నిమ్మరసం అంతకన్నా ఇంకొంచెం కింద. ఎనామిల్ కరగడం మొదలయ్యే గీత సుమారు 5.5. ఆ గీతకు పైన ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేట్ పంటిలోకి చేరి గాయాన్ని పూడుస్తాయి. గీతకు కింద అవే పంటిలోంచి బయటికి పోతాయి. రోజంతా మన నోట్లో జరిగేది ఈ రాకపోకలే.

1940లలో రాబర్ట్ స్టెఫాన్ అనే అమెరికా పరిశోధకుడు మనుషుల పాచి మీద సన్నని ఎలక్ట్రోడ్ పెట్టి, గ్లూకోజు నీళ్లతో పుక్కిలించమని చెప్పి, నిమిషం నిమిషం పీహెచ్ కొలిచాడు. కొద్ది నిమిషాల్లోనే గీత కిందికి జారింది. మళ్లీ పైకి రావడానికి అరగంట నుంచి గంట పట్టింది. పైకి తెచ్చింది ఉమ్మి. ఉమ్మిలో బైకార్బొనేట్ ఉంటుంది, ఇంట్లో తినే సోడా తరహా పదార్థం. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుతూ ఈ పని చేస్తూనే ఉంటుంది. మన నోరు తనను తాను బాగుచేసుకోగలదు. దానికి కావలసిందల్లా తీపికీ తీపికీ మధ్య ఒక గంట విరామం.

మన పిల్లల నోటికి ఆ గంట దొరుకుతోందా? మా వీధిలోని పిల్లవాడొకణ్ని ఒక రోజంతా గమనించాను. పొద్దున చాయ్‌లో బిస్కెట్. బడికి పోతూ గేటు దగ్గర లాలీపాప్. మొదటి పీరియడ్‌లో ఎవరిదో పుట్టినరోజు, చాక్లెట్. చిన్న ఇంటర్వెల్‌లో రూపాయి చింతపండు బిళ్ల. మధ్యాహ్నం అన్నం. సాయంత్రం ఇంటర్వెల్‌లో రంగునీళ్ల ప్యాకెట్. ఇంటికొచ్చాక మళ్లీ చాయ్. పడుకునే ముందు చక్కెర వేసిన పాలు. ఎనిమిది సార్లు. ఒక్కోసారి 40 నిమిషాలు వేసుకున్నా 5 గంటల 20 నిమిషాలు వాడి పండ్లు పులుపులో నానుతున్నాయి. తిన్నదంతా కలిపితే గుప్పెడు కూడా లేదు. ఇంట్లో అడిగితే మావోడు స్వీట్లు పెద్దగా తినడు సార్ అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. ఎంత తిన్నాడన్నది కాదు, ఎన్నిసార్లు తిన్నాడన్నది లెక్క.

ఈ లెక్క తేలడానికి కొందరు చాలా పెద్ద మూల్యం చెల్లించారు. స్వీడన్‌లో వీపెహోల్మ్ అనే ఆస్పత్రిలో, మానసిక వైకల్యం ఉన్న రోగుల మీద 1945 నుంచి కొన్నేళ్లు ప్రయోగం చేశారు. కొందరికి తీపిని భోజనంతో కలిపి ఇచ్చారు, కొందరికి జిగట మిఠాయిని భోజనాల మధ్యలో రోజంతా ఇచ్చారు. భోజనంతో తిన్నవాళ్ల పండ్లకు పెద్దగా తేడా రాలేదు. మధ్యమధ్యలో తిన్నవాళ్లకు పండ్లు గబగబా పుచ్చిపోయాయి. ఎదురు చెప్పలేని మనుషుల పండ్లు కావాలని పాడుచేసిన ప్రయోగం అది, ఇవాళ ఎవరూ ఒప్పుకోరు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. వాళ్ల బాధతో వచ్చిన ఆ తెలివిని కనీసం మన పిల్లలకైనా వాడకపోతే ఎలా?

కాబట్టి బెల్లం మానండి, చక్కెర మానండి అని నేను చెప్పడం లేదు. మేడారం నుంచి తెచ్చిన బంగారం, అంటే బెల్లం ముక్కను కళ్లకద్దుకుని తిని, నోరు పుక్కిలిస్తే ఏమీ కాదు. అదే ముక్కను పొద్దంతా బుగ్గన పెట్టుకుంటే అవుతుంది. బెల్లం వేసిన రాగి జావ ఇచ్చే బడుల్లో దాన్ని ఆపొద్దు. ఎదిగే పిల్లలకు అది కావాలి. తాగాక నోరు కడిగిస్తే చాలు.

ఇక మీరు చేయగలిగింది చెప్తాను.

మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలు పళ్లేలు కడుక్కునే నల్లాల దగ్గరే, ప్రతి ఒక్కరూ మూడుసార్లు గట్టిగా పుక్కిలించి ఉమ్మాలి. పళ్లెం కడిగినట్టే నోరు కూడా కడగాలి. నీళ్లు పాచి అడుగున పుట్టిన ఆమ్లాన్ని పూర్తిగా కడగలేవు. కానీ పండ్ల సందుల్లో ఇరుక్కున్న మెతుకుల్ని, మిగిలిన తీపిని తీసేస్తాయి. ఆ తర్వాతి పని ఉమ్మి చూసుకుంటుంది. ఒకటో తరగతి పిల్లలకు పుక్కిలించడం రాదు, మింగేస్తారు. మొదటి వారం ఒక పెద్ద పిల్లను పక్కన నిలబెట్టి చేయించండి. చిన్నపిల్లలు టీచర్ కన్నా అక్క చెప్తే తొందరగా నేర్చుకుంటారు, అది నా అనుభవం.

పుట్టినరోజు చాక్లెట్లను మొదటి పీరియడ్‌లో కాకుండా అన్నం తిన్న వెంటనే పంచండి. పిల్లవాడి సంబరం తగ్గదు, ఒక పులుపు పూట తగ్గుతుంది.

గేటు దగ్గర డబ్బా పెట్టుకున్న అవ్వను వెళ్లగొట్టమని అడగను. ఆమె బతుకూ అదే. కమిటీ తల్లులు ఒకసారి కూర్చుని మాట్లాడితే వేయించిన పల్లీలు, పుట్నాలు, జామకాయ ముక్కలు ముందు వరుసలోకి వస్తాయి, లాలీపాప్ వెనక్కి పోతుంది. పల్లీలు నమిలితే ఉమ్మి బాగా ఊరుతుంది, ఆమ్లం పుట్టదు. లాలీపాప్ పావుగంట చప్పరిస్తే ఆ పావుగంటా పాచికి మేత వేసినట్టే. మా బడి దగ్గర ఒక అవ్వ పల్లీల పొట్లాలు మొదలుపెట్టింది. ఇంటర్వెల్ కాగానే పిల్లలు అక్కడ వరుస కట్టేవాళ్లు.

పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) డాక్టర్ల బృందం బడికి వస్తుంది కదా. వాళ్లు చూసేవాటిలో పుచ్చుపండ్లు కూడా ఉన్నాయి. జనం ఎక్కువై హడావిడి అవుతుంది, నాకు తెలుసు. అయినా ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని ముందు పంపి, వెనక దవడ పన్ను ప్రత్యేకంగా చూడమని అడగండి. గాడుల్లో సుద్దముక్క రంగులో తెల్లటి మచ్చ కనబడితే అది మొదటి మెట్టు. పన్ను ఇంకా కుంగలేదు, వెనక్కి తిప్పుకోవచ్చు. నల్లబడి గుంట పడితే పూడ్పించాలి. నొప్పి మొదలైందంటే సగం ఆట అయిపోయినట్టే.

తల్లిదండ్రుల సమావేశంలో నాలుగు మాటలు చెప్పండి. రాత్రి నిద్రలో ఉమ్మి దాదాపు ఊరదు, కాబట్టి పడుకునే ముందు బ్రష్ చేశాక నీళ్లు తప్ప ఏమీ ఇవ్వొద్దు, చంటిపిల్లల నోట్లో పాలసీసా పెట్టి నిద్రపుచ్చొద్దు. మామిడికాయ, నిమ్మకాయ సోడా, పచ్చిపులుసు లాంటివి తిన్న వెంటనే బ్రష్ పట్టొద్దు. మెత్తబడ్డ ఎనామిల్‌ను రుద్ది తీసేసినట్టవుతుంది, ముందు పుక్కిలించి అరగంట, గంట ఆగాలి. ఇటుక పొడి, బొగ్గు పొడి ఎప్పుడూ వద్దు.

నాలుగోది ఫ్లోరైడ్ మాట. దీనికి మన దగ్గర భయం ఎక్కువ, ఆ భయానికి కారణమూ ఉంది. పక్కన నల్లగొండలో వంగిపోయిన ఎముకల్ని చూసినవాళ్లం. మన వైపూ కొన్ని ఊళ్ల బోరు నీళ్లు తాగి పిల్లల పండ్లకు గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కానీ పేస్టులోని ఫ్లోరైడ్ మింగడానికి కాదు, పంటికి తగిలించి ఉమ్మడానికి. అది పైపొరలో చేరితే కరిగే గీత 5.5 నుంచి సుమారు 4.5కు దిగుతుంది, అంటే పన్ను ఇంకో మెట్టు పులుపును తట్టుకుంటుంది. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత పేస్టు చాలు. పెద్దవాళ్లు పక్కన ఉండి ఉమ్మించాలి. టీవీలో చూపించినట్టు బ్రష్ పొడుగునా పేస్టు పరచొద్దు.

కమిటీ తల్లుల ఇళ్లలో పెద్దవాళ్లు ఉంటారు కాబట్టి వాళ్ల గురించి కూడా ఒక మాట. షుగర్ ఉన్నవాళ్లకు, బీపీ మందులు కొన్ని వాడేవాళ్లకు నోరెండుతుంది. ఉమ్మి తగ్గితే పీహెచ్ పైకి తెచ్చే దిక్కుండదు. పైగా వయసు మీద చిగురు కిందికి జారి పంటి వేరు బయటపడుతుంది. వేరు మీద ఎనామిల్ ఉండదు, అది 6 దాటిన పీహెచ్‌కే కరగడం మొదలుపెడుతుంది. చిగుళ్ల జబ్బుది వేరే దారి. చిగురు లోపలి గుంటల్లో పీహెచ్ 7కు అటూ ఇటూ, కొంచెం క్షారం వైపు ఉంటుంది, గార అక్కడే గట్టిపడుతుంది. కనుక పులుపుకు విరుగుడని సున్నం, జర్దా బుగ్గన పెట్టడం ఎంత మాత్రం సరికాదు. సున్నం పులుపును విరిచే మాట నిజమే గానీ బుగ్గలోని మెత్తటి చర్మాన్ని కాలుస్తుంది, పొగాకు విషాన్ని ఇంకా తొందరగా ఒంట్లోకి ఎక్కిస్తుంది. వక్క బుగ్గను బిగుసుకుపోయేలా చేస్తుంది, నోరు తెరుచుకోదు. అక్కడి నుంచి క్యాన్సర్ దాకా దూరం ఎక్కువుండదు.

పిల్లలకు ఇదంతా ఉపన్యాసంలా చెప్తే వినరు. నేను చేసింది చెప్తాను. మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డు ఒకదాన్ని గిన్నెడు నిమ్మరసంలో వేసి కిటికీలో పెట్టాను. కాసేపట్లో పెంకు నిండా బుడగలు పట్టాయి. రెండో రోజు ఒక పిల్ల వేలితో నొక్కి "సార్, మెత్తగైంది" అని గట్టిగా అరిచింది. గుడ్డు పెంకు కన్నా పన్ను చాలా గట్టిది, ఇంత తొందరగా కరగదు, ఆ మాట వాళ్లకు చెప్పాలి. ఇంకో రోజు మందార రేకులు నలిపి రసం తీశాం. నిమ్మరసం చుక్క వేస్తే ముదురు గులాబీ రంగు, సున్నపు నీళ్లు వేస్తే ఆకుపచ్చ. పసుపులో సున్నం కలిపి దిష్టి నీళ్లు ఎర్రగా చేయడం వాళ్లు ఇంట్లో చూసిందే, అదీ ఇదీ ఒకటేనని వాళ్లే పట్టేశారు. ఆ తర్వాత పీహెచ్ కాగితాలు పంచాను. తలా ఒకటి నాలుక మీద పెట్టుకున్నారు, అందరిదీ ఆకుపచ్చ. ఒక్కొక్కరికి పుల్లటి చాక్లెట్ ఇచ్చి రెండు నిమిషాలాగి మళ్లీ పెట్టమన్నాను. కాగితాలు పసుపు, నారింజ రంగుల్లోకి తిరిగాయి. క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. పుక్కిలించి పది నిమిషాలాగాక మళ్లీ ఆకుపచ్చ. "ఇది ఉమ్మి సంగతే, పండ్ల సందుల్లో పాచి కింద పులుపు ఇంకా ఎక్కువసేపు ఉంటుంది" అని చెప్పాను. వెనక బెంచీ పిల్లవాడు జేబులోంచి రెండో చాక్లెట్ తీసి, చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "అన్నం తిన్నంక తింట సార్" అన్నాడు.

అప్పటికే ఆ పిల్లలు పదో తరగతిలో ఉన్నారు. అదే పని వాళ్లు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు చేసి ఉంటే ఆ అమ్మాయి దవడలో ఇవాళ ఖాళీ ఉండేది కాదు.

జూన్‌లో బడులు తెరుస్తారు. తెరిచిన రోజు మధ్యాహ్నం నుంచే భోజనం అయ్యాక పుక్కిలించే రెండు నిమిషాల్ని టైంటేబుల్‌లో రాయించండి. టైంటేబుల్‌లో లేని పని బడిలో జరగదని మీకు నేను చెప్పాలా? హన్మకొండ, వరంగల్, ములుగు, భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్, ఏ ఊరి బడి పిలిచినా వస్తాను. బస్సు చార్జీ అక్కర్లేదు. పీహెచ్ కాగితాలు, నిమ్మకాయలు నేనే తెస్తాను. ఒక గుడ్డు, నాలుగు మందార పూలు మీరు చూడండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్,
హన్మకొండ